పిల్లోడు పాడు చెయ్యలేదు

"యాభై వేల లాప్‌టాప్ పాడు చేసినావు కదరా!" పోయిన నెల మావాణ్ణి ఈ మాట అన్నది నేనే. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వాడు కొత్త లాప్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ వేసుకోబోయినాడు. పెన్‌డ్రైవ్ నుంచి బాగానే మొదలయింది గానీ, ఎందులో వెయ్యాలో అడిగే చోట డిస్కే కనబడలేదు. ప్రొద్దుటూరులో షాపాయన "కొత్తవాటికి లినక్స్ పడదమ్మా" అని తేల్చేసినాడు. జమ్మలమడుగు నుంచి మా ఆడబిడ్డ "నీకెందుకు వదినా ఇవన్నీ?" అనింది.

ఎందుకా? పడదన్న మాట అబద్ధం కాబట్టి. ఇంటెల్ కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో ఆర్‌ఎస్‌టీ, వీఎండీ అనే సెట్టింగు వేసి అమ్ముతారు. అది ఉంటే లినక్స్‌కు డిస్కు కనబడకపోవచ్చు. బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మారిస్తే కనబడుతుంది. తొందరపడి మారిస్తే మాత్రం విండోస్ తెరుచుకోదు. ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు వేరే డ్రైవ్‌లో దాచుకోవాలి. బిట్‌లాకర్ రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరుచుకునేట్టు పెట్టి, అప్పుడు మార్చాలి. తెలుగు బీఏ చదివిన నేను వాడి పక్కన కూర్చుని చేయించినా.

డబ్బు మనది, సెట్టింగు వాళ్ళది. ఆ ముక్క పెట్టె మీద రాయరు, తిట్లు మాత్రం పిల్లలకు!

పులివెందుల చెల్లెలు ఇది విని, "మా పాపకూ ఇట్లే అయిందక్కా, తిట్టి లాప్‌టాప్ బీరువాలో పెట్టేసినాం" అనింది.

తీయండమ్మా, ఆ బీరువాలు తీయండి. తిట్టేముందు స్క్రీన్ మీద ఏముందో చదవండి.