అంగడి అంటే నామోషీనా?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈమధ్య ఫోన్‌లో స్పానిష్ నేర్చుకుంటోంది. మొన్న వంటింట్లో నా పక్కన నిలబడి ఒకటే వల్లింపు. రొట్టెలు అమ్మేచోటు పనదెరీయా, మాంసం అమ్మేది కార్నిసెరీయా, చేపలకు పెస్కదెరీయా, పండ్లకు ఫ్రుతెరీయా. వింటుంటే నాకూ ముచ్చటేసింది. "పాపా, అంగడికి పోయి కొత్తిమీర కట్ట తీసుకురాపో" అన్నాను. అంతే, మొహం మాడ్చుకుంది. "అంగడి అనొద్దమ్మా, బయట నా ఫ్రెండ్స్ ఉన్నారు. షాప్ అను."

ఎక్కడో స్పెయిన్ అంగళ్లకు నాలుగు పేర్లు కంఠతా పట్టిన పిల్లకు ఆదోనిలో అంగడి అంటే నామోషీ!

స్పానిష్ తప్పని నేననను. అసలు ఆ పద్ధతి మనదగ్గరా ఉంది. పాన్ అంటే రొట్టె, దానికి తోక తగిలిస్తే పనదెరీయా. మనకూ అంతేగా? బియ్యమంగడి, బెల్లమంగడి, మిఠాయంగడి. కన్నడం వాళ్లదీ ఇదే మాట. పశ్చిమ కర్నూలులో ఏ ఇంటి భాష ఏదైనా అంగడి ఒక్కటే. "అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని" అనే సామెతను షాపులో పెట్టి చెప్పండి, చూద్దాం.

బయటి మాటలు వద్దని కాదు. దుకాణం, బజారు ఉర్దూ మీదుగా వచ్చినవే. 1999లో ప్రభుత్వం రైతుబజార్లు పెడితే ఆ పేరు జనం నోట నిలబడిపోయింది. అవి మన మాటల పక్కన వచ్చి కూర్చున్నాయి. షాప్ మాత్రం అందరినీ లేపి తానే కూర్చుంటోంది. సంత అంటే ఏ వారమో గుర్తొస్తుంది. అంగడి అంటే అప్పు రాసే ఖాతా పుస్తకం గుర్తొస్తుంది. నా పుట్టిల్లు దేవరగట్టు పక్క పల్లె. దసరాకు జాతర అంగళ్లు అంటే బొరుగుల కుప్పలు కళ్లముందు కొస్తాయి. స్టాల్స్ అంటే ఏమొస్తాయి?

మెక్సికోను స్పెయిన్ మూడు వందల ఏళ్లు ఏలింది. ఇప్పుడక్కడ ఎక్కువమంది మాట్లాడేది స్పానిషే. అయినా వారపు సంతను తియాంగిస్ అంటారు. అది స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఉన్న నహువాట్ల్ మాట. భాష మారినా వాళ్లు సంత పేరు వదల్లేదు. మనం భాష ఉండగానే వదిలేస్తున్నాం.

పిల్లల్ని తిట్టి లాభం లేదు. పెళ్లైన కొత్తలో పట్నంలో కాపురం పెట్టినప్పుడు, "అంగడేంటండీ, పల్లెటూరి మాట" అని పక్కింటావిడ నవ్వింది. ఆరోజే నేను మాట మార్చుకున్నాను. చుట్టాలొస్తే ఇప్పటికీ "షాప్‌కెళ్లి వస్తా" అనేది నేనే. నా సిగ్గే నా బిడ్డకు వచ్చింది. మీ ఇంట్లోనూ ఒక్కసారి చూసుకోండి.

ఆరోజు కొత్తిమీర నేనే పోయి తెచ్చుకున్నాను. రేపు మాత్రం వాకిట్లో నిలబడి, ఆ ఫ్రెండ్సంతా వినేట్టు అంటాను: "పాపా, అంగడికి పోయిరా!"