థెరపీ యాప్‌లో కెమెరా ఆఫ్ చేస్తే తప్పేంటి?

ఏ ఫోన్ చేతికొచ్చినా నేను మొదట చూసేది డిఫాల్ట్ సెట్టింగ్స్. కంపెనీ ఏది ఆన్ చేసి ఇస్తే చాలామంది చివరిదాకా దాంతోనే వాడేస్తారు. ఈసారి థెరపీ యాప్స్‌ని కూడా అలాగే చూశాను. స్పెక్స్ షీట్ ఉండదు, బెంచ్‌మార్క్ ఉండదు, కాబట్టి ఇది రివ్యూ కాదు, నా ఒపీనియన్ అనుకోండి.

నాకు 24 ఏళ్లప్పుడు ఏడీహెచ్‌డీ అని తేలింది. అప్పటిదాకా బీటెక్ బ్యాక్‌లాగ్స్ అన్నీ బద్ధకం ఖాతాలోనే పడ్డాయి. ఒంగోల్లో ఉండే మా పిన్ని కొడుక్కి 15 ఏళ్లు, వాడికి ఆటిజం. ఇలాంటివాళ్లందరినీ కలిపి న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. ఇద్దరం ఆన్‌లైన్ థెరపీ వాడాం. ఇద్దరికీ ఇబ్బంది వచ్చింది థెరపీతో కాదు, యాప్ డిజైన్‌తో.

ముందు మంచి చెప్తా. అంతకుముందు మా తమ్ముడిని రాత్రి బస్సులో హైదరాబాద్ తీసుకొచ్చేవాళ్లు. వెయిటింగ్ హాల్లో టీవీ సౌండు, ట్యూబ్‌లైట్లు, ఫినాయిల్ వాసన. డాక్టర్ పిలిచేసరికి వాడిలో ఓపిక అయిపోయేది. ఆన్‌లైన్‌లో ఇవేవీ లేవు. వాడి గది, వాడి ఫ్యాను, వాడి కుర్చీ. ఇంతకంటే పెద్ద ఫీచర్ ఏ యాప్ కూడా ఇవ్వలేదు.

కానీ మేం వాడిన మొదటి యాప్‌లో వీడియో డిఫాల్ట్‌గా ఆన్. మూలలో వాడి మొహం వాడికే కనిపిస్తూ ఉంటుంది. అటుపక్క ఆవిడేమో "ఇటు చూడు నాన్నా, ఇటు" అంటారు. కళ్లలోకి చూడటమే కష్టమైన పిల్లాడికి, ఇద్దరి మొహాలు ఒకేసారి స్క్రీన్ మీద! పది నిమిషాల్లో ల్యాప్‌టాప్ మూసేశాడు. సెషన్ నోట్‌లో "సహకరించలేదు" అని రాశారు. అది చదివి పిన్ని చాలాసేపు ఏం మాట్లాడలేదు.

రెండో యాప్‌లో థెరపిస్ట్ మొదటి మెసేజే ఇది: "మాట్లాడతావా, టైప్ చేస్తావా?" వాడు నలభై నిమిషాలు టైప్ చేశాడు. ఒక్కో జవాబుకి మూడు నాలుగు నిమిషాలు పట్టినా ఆవిడ ఆగారు. తర్వాత నాకు వాట్సాప్‌లో పెట్టాడు: "అన్నయ్యా, ఆవిడ తొందరపెట్టలేదు."

ఇంకో సంగతి. మన ఇళ్లల్లో టీనేజ్ పిల్లలకి విడిగా గది ఉన్నా తలుపు వేసుకోనివ్వరు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే థెరపిస్ట్ మాటలు బయటికి వినపడవు, అంతే. పిల్లాడు చెప్పేది హాల్లోకి వినిపిస్తూనే ఉంటుంది. టైప్ చేస్తే ఆ గొడవ లేదు. చాట్ అంటే ఏదో తక్కువ రకం థెరపీ అనుకునేవాళ్లు ఇది ఆలోచించాలి.

మొహం చూడకుండా మనిషి పరిస్థితి ఎలా తెలుస్తుందని థెరపిస్టులు అడుగుతారు. న్యాయమే. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు ఉన్న మనిషిని చాట్‌కి వదిలేయమని నేననను. అలాంటప్పుడు ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఉండాలి, మనిషి గొంతు ఉండాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 అందుకే ఉంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. కానీ మామూలు వారం సెషన్‌కి కెమెరా పెట్టాలా వద్దా అనేది పేషెంట్ చేతిలో ఉండాలి. సెల్ఫ్ వ్యూ దాచే ఆప్షన్ జూమ్‌లో ఉంది. థెరపీ యాప్‌లో లేకపోతే ఎలా?

ఇక నా కథ. నేను వాడిన యాప్ రోజుకి ఆరు నోటిఫికేషన్లు పంపేది. మూడ్ ఎలా ఉంది, స్ట్రీక్ పోతుంది, ఈరోజు మంచి మాట... సెషన్ రిమైండర్ మాత్రం ముందురోజు ఒక్కసారే. ఏడీహెచ్‌డీ ఉన్నవాడికి ముందురోజు చెప్తే పోయిన జన్మలో చెప్పినట్టే. రెండు సెషన్లు మర్చిపోయా, రెండింటికీ ఫుల్ ఫీజు కట్. థెరపిస్ట్ టైమ్‌కి విలువుంది, కాదనను. కానీ పది నిమిషాల ముందు ఇంకో రిమైండర్ పంపడానికి ఎంత కోడ్ రాయాలో నాకు తెలుసు, అది నా ఉద్యోగమే. ఆటో రెన్యూవల్ క్యాన్సిల్ బటన్‌ని నాలుగు మెనూల లోపల దాచడం ఇంకా అన్యాయం. మర్చిపోయేవాళ్ల మీదే బతికే బిజినెస్ అది.

మందుల గురించి ఒక మాట. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్‌ని ఆన్‌లైన్ కన్సల్టేషన్‌లో రాయడానికి 2020 టెలిమెడిసిన్ గైడ్‌లైన్స్ ఒప్పుకోవు. రాసిస్తాం అని ఎవరైనా అంటే అక్కడే యాప్ తీసేయండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవాళ్లని ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, మొహమాటపడొద్దు.

డేటా విషయంలో అయితే నేను భయస్తుణ్ణే. అమెరికాలో బెటర్‌హెల్ప్ యూజర్ల ఈమెయిల్స్, వాళ్లు నింపిన ప్రశ్నల సమాచారం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాటికి యాడ్స్ కోసం ఇచ్చిందని ఎఫ్‌టీసీ 2023లో కేసు పెట్టి, 78 లక్షల డాలర్లు కట్టించింది. ఫిన్లాండ్‌లో వస్తామో అనే థెరపీ సంస్థ డేటా దొంగల చేతిలో పడితే 2020లో పేషెంట్లకే నేరుగా బెదిరింపు మెయిల్స్ వెళ్లాయి. పాస్‌వర్డ్ లీకైతే మార్చుకుంటాం. పదిహేనేళ్ల పిల్లాడు థెరపిస్ట్‌కి చెప్పుకున్నది లీకైతే ఏం మారుస్తాం? మన 2023 డేటా చట్టం 18 లోపు పిల్లల మీద ట్రాకింగ్, టార్గెటెడ్ యాడ్స్ వద్దంటుంది, మంచిదే. యాప్ ఇన్‌స్టాల్ చేయగానే కాంటాక్ట్స్, లొకేషన్ పర్మిషన్ అడిగితే మాత్రం ముందు ఎందుకని అడగండి.

తమ్ముడు ఇంకా ఆ రెండో యాప్‌లోనే ఉన్నాడు, ప్రతి ఆదివారం పదకొండింటికి. పోయిన నెల అప్‌డేట్‌లో చాట్ సెషన్స్‌ని ప్రీమియం ప్లాన్‌లోకి మార్చేశారు. బేసిక్‌లో ఇప్పుడు వీడియో ఒక్కటే. పిన్ని అడిగితే ప్రస్తుతానికి తేడా డబ్బులు నేను కడుతున్నా. సపోర్ట్‌కి మెయిల్ పెట్టి పంతొమ్మిది రోజులైంది, టికెట్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది.