టీకాల సీమలో ప్రతిరక్షకాలు కొరవడినవారు

మేడ్చల్, శామీర్‌పేటల పేర్లు నేడు అన్య దేశాల వైద్యులకు సైతం పరిచితములే. మేడ్చల్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను వెలువరించినది. శామీర్‌పేట చెంత తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ నుండి 2021లో కోవాగ్జిన్ ప్రజలకందినది. ఇది మనకు గర్వకారణమే. అయితే టీకా చేయునది హెచ్చరిక మాత్రమే. ప్రతిరక్షకాలను తయారుచేయవలసినది దానిని పొందినవారి శరీరమే. ఆ శక్తియే కొరవడినవారి మాట ఏమిటి? ఈ ప్రశ్నను అందరికంటె ముందు మన ప్రాంతమే అడుగవలెనని మా అభిప్రాయం.

ఇట్టి లోపమును 1952లో అమెరికా వైద్యుడు బ్రూటన్ ఎనిమిదేండ్ల బాలునిలో గుర్తించి, ఇతరుల రక్తం నుండి తీసిన గామాగ్లోబ్యులిన్‌తో చికిత్స చేసినాడు. పెద్దలలో తరచు కనబడు రూపమునకు కామన్ వేరియబుల్ ఇమ్యూనో డెఫిషియెన్సీ అని పేరు. మాటిమాటికి న్యుమోనియా, సైనస్ వ్యాధులు దీని లక్షణాలు.

వింత ఏమనగా, ఆయుధాలు లేని ఈ సైన్యమే స్వంత ఇంటిపై దాడి చేయును. ఈ రోగులలో సుమారు నాలుగవ వంతు మందికి స్వయం ప్రతిరక్షక వ్యాధులు వచ్చును. రక్తంలో బి కణాలు ఉన్నను, శిక్షణ ముగించి జ్ఞాపకశక్తి సంపాదించినవి తక్కువ. స్వశరీరంపై తిరుగబడు కణాలను ఏరివేయు తనిఖీ సడలిపోవును. సి.డి.21 తక్కువగా గల అసాధారణ బి కణాలు కొందరిలో పేరుకొనును. తోటి కణాలను అదుపులో ఉంచు టి కణాలు కూడ పలువురిలో క్షీణించును. అందుచే మంచి ప్రతిరక్షకాలు చాలకున్నను, చెడ్డవి కొన్ని పుట్టి ప్లేట్‌లెట్లను, ఎర్రకణాలను నాశనం చేయును, ప్లీహం పెరుగును.

చిక్కు ఇక్కడే ఉన్నది. కొందరిలో ప్లేట్‌లెట్లు పడిపోవుటయే తొలి లక్షణం. అసలు లోపం బయటపడునది ఏండ్ల తరువాత. ఒంటిపై కమిలిన మచ్చలు చూచి స్టెరాయిడ్లు ఇచ్చుట సరియే కావచ్చును. కాని వాటివలన ప్రతిరక్షకాలు మరింత తగ్గగలవు గనుక, మందు మొదలిడక మునుపే ఇమ్యూనోగ్లోబ్యులిన్ల పరీక్ష చేయించవలెను. అది సామాన్యమైన రక్తపరీక్ష. దానిని అడుగు అలవాటు లేకపోవుటయే మన దౌర్భాగ్యం.

చికిత్స లేకపోలేదు. మూడు నాలుగు వారాలకొకసారి ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించవలెను. ఎక్కువ మోతాదులో అదే మందు ప్లేట్‌లెట్ల నాశనాన్ని కూడ నిలుపగలదు. ఖరీదు మాత్రం సామాన్య కుటుంబం జీవితాంతం మోయగలది కాదు. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో హైదరాబాదు నిమ్స్, సి.డి.ఎఫ్.డి.లకు స్థానం కలిగినది. పేదరోగికి ఆ దారి చూపువారు కావలెను.

ఈ మందు ఏ యంత్రంలోను పుట్టదు. వేలాది దాతల ప్లాస్మాను కలిపి తీయవలెను. కళాశాల సంఘం ఈ ఏడు రక్తదాన శిబిరం జరుపదలచినచో, మిగులు ప్లాస్మాను వృథా చేయక ఇమ్యూనోగ్లోబ్యులిన్ తయారీకి పంపు రక్తనిధినే పిలువవలసినదిగా కోరుచున్నాము.