ఊరు విడిచినవాడికీ ఊళ్ళో హక్కుంది

నందిగాం, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి గల్ఫుకీ చెన్నైకీ పనికెళ్ళినవాళ్ళు ఇంటికి ఫోను చేస్తే ఇప్పుడు అడిగేవి మూడు మాటలు. "మన భూమి ఉంటాదా? జీడిపిక్కలు ఎంతకడిగినారు? అమ్మకి డయాలసిస్ చేయించినారా?" ఉద్దానం సంక్షోభం మొత్తం ఇందులోనే ఉంది. "పోయినోడికి ఊరి గొడవెందుకు?" అనే పెద్దమనుషులు మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఎందుకో చెప్తాను. మన తాతలు కళింగపట్నం, విశాఖ రేవుల్లో ఓడెక్కి రంగూన్ పోయారు. 1930 మేలో అక్కడి తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ళ చోట బర్మా కూలీల్ని పెట్టాయి; సమ్మె సర్దుబాటు కాగానే ఆ బర్మావాళ్ళని పొమ్మన్నాయి. పేదవాడూ పేదవాడూ కొట్టుకున్నారు. వందమందికి పైగా చచ్చిపోయారు. కంపెనీల ఒంటిమీద గీత పడలేదు. 1942లో జపాన్ సైన్యం రాగానే మనవాళ్ళు అడవులవెంట కాలినడకన బయల్దేరారు, దారిలో పోయినవాళ్ళు లెక్కలేదు. 1960లలో నె విన్ ప్రభుత్వం వచ్చాక మరికొందరు తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. పరాయి దేశం ఏ పూటైనా పొమ్మంటుంది. తిరిగొస్తే నిలబడడానికి ఇక్కడ జానెడు నేల ఉండాలి గదా!

ఆ నేల గతి ఏమిటి? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ కూకటివేళ్ళతో పీకేసింది. మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పు వడ్డీ మాత్రం నెలనెలా కాపుకొస్తుంది. పలాస ఫ్యాక్టరీలకి ఆఫ్రికా పిక్క దిగుతోంది, దాన్ని చూపించి వ్యాపారి మన పిక్క ధర తెగ్గోస్తాడు. 80 కిలోల బస్తాకి 16 వేలు ఇమ్మని రైతులు రోడ్డెక్కారు. కిడ్నీ జబ్బు సరేసరి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, మంచిదే. కానీ రోగితో తోడెళ్ళేవాడి కూలి ఎవడిస్తాడు? ఆ లోటు పూడ్చడానికే కొడుకు వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోస్తున్నాడు.

దీనిమీద కార్గో విమానాశ్రయం కోసం మందస, వజ్రపుకొత్తూరు భూములు కావాలంటున్నారు. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలు వద్దన్నందుకు తుపాకులు పేలాయి. జనం మరచిపోలేదు.

భూమిలేని కూలీలు ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. 2013 భూసేకరణ చట్టం పట్టాదారునే కాదు, సేకరణకి ముందు మూడేళ్ళుగా అక్కడ ఉంటూనో పనిచేస్తూనో ఆ భూమిమీదే ప్రధానంగా బతికే వ్యవసాయ కూలీ కుటుంబాన్నీ, కౌలుదారునీ బాధిత కుటుంబంగా గుర్తించింది. సర్వేకొచ్చినవాడు తాళం వేసిన ఇల్లు చూసి "వీళ్ళిక్కడ లేరు" అని రాసుకుపోతే? తోటలో పిక్కలేరిన భార్య, ముసలి తల్లి ఇక్కడే ఉన్నారని ఎవరు చెప్తారు?

అందుకే సంక్రాంతికి అందరూ ఊరొచ్చినప్పుడే సంఘం ఒక పుస్తకం పెట్టాలి. ఎవరు ఎక్కడికి పోయారు, ఇంట్లో ఎవరున్నారు, ఏ తోటలో ఎన్నేళ్ళుగా పని, అన్నీ రాయాలి. గ్రామసభ అప్పుడే పెట్టమని అర్జీ ఇవ్వాలి. ఏజెంటు పేరూ ఆ పుస్తకంలోకి ఎక్కాలి. 1983 వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేనివాడు విదేశాలకు మనుషుల్ని పంపకూడదు. నంబరు చూపించమని అడగండి.