ఆదాయంపై తీసి అంగడిపై వేసే పన్ను ఎవరి మేలుకు?

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి నెల పే స్లిప్పు చేతికి వచ్చినప్పుడు మన బ్రాంచీలన్నిటిలోను ఒకే మాట వినిపిస్తుంది. జీతం చేతికి రాకముందే పన్ను కోసుకునేది ఒక్క ఉద్యోగి వద్దనే గదా, పెద్ద వ్యాపారులు ఎంత చూపితే అంతే గదా అని సభ్యులు ఆవేదన చెందుతారు. ఈ ఆవేదన న్యాయమైనదే. అయితే ఇటీవల ఈ ఆవేదన వెంట మరొక మాట కూడా వస్తున్నది: ఆదాయపు పన్నును పూర్తిగా ఎత్తివేసి, ఆ సొమ్మును సరుకుల అమ్మకంపై పన్ను పెంచి రాబట్టవచ్చు గదా అని. డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న కొందరు సభ్యులు, టెక్సాస్ రాష్ట్రంలో జీతంపై రాష్ట్రానికి కట్టే పన్ను లేదట, అక్కడ జరిగినది ఇక్కడ ఎందుకు జరగదు అని అడుగుతున్నారు.

ఈ ప్రశ్నను మేము తేలికగా తీసివేయదలచుకోలేదు. సంఘ సభ్యులలో పలువురికి ఇది ఆకర్షణీయంగా కనిపిస్తున్నది గనుకనే దీనిని సమగ్రంగా పరిశీలించడం అవసరం. పరిశీలించిన మీదట మా అభిప్రాయం ఒక్కటే: ఇది బరువును తగ్గించే మార్గం కాదు, బలమైన భుజం నుండి బలహీనమైన భుజానికి బరువును మార్చే మార్గం.

అమెరికాలో జరిగినది

ముందుగా ఒక వ్యత్యాసం గమనించాలి. మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం వ్యవసాయేతర ఆదాయంపై పన్ను వేసే అధికారం కేంద్రానిది. అమెరికాలో కేంద్ర ప్రభుత్వపు ఆదాయపు పన్నుకు అదనంగా అత్యధిక రాష్ట్రాలు తమ స్వంత ఆదాయపు పన్నును కూడా వసూలు చేస్తాయి. ఆ రాష్ట్రపు పన్నును తీసివేసి అమ్మకం పన్నును పెంచాలన్న ప్రయత్నాలు అక్కడ పదేపదే జరిగినవి. అందుచేత దీని ఫలితాలను ఊహించనవసరం లేదు. అక్కడి అనుభవం చూస్తే చాలు.

2013లో లూసియానా గవర్నరు బాబీ జిందాల్ వ్యక్తుల ఆదాయపు పన్నును, కంపెనీల ఆదాయపు పన్నును రెండింటినీ రద్దు చేసి, 4 శాతంగా ఉన్న రాష్ట్ర అమ్మకం పన్నును 5.88 శాతానికి పెంచాలని ప్రతిపాదించారు. పేద కుటుంబాలకు, పదవీ విరమణ చేసినవారికి కొంత సొమ్ము తిరిగి ఇస్తామని కూడా చెప్పారు. అయినప్పటికీ ప్రజలు దానిని నమ్మలేదు. క్రైస్తవ మతాచార్యులు వ్యతిరేకించారు. చివరకు వ్యాపార వర్గాలు సైతం వ్యతిరేకించినవి. 2013 ఏప్రిల్ 8న, శాసనసభ సమావేశాలు ఆరంభమైన నాడే, గవర్నరు తన ప్రతిపాదనను ప్రక్కన పెట్టవలసి వచ్చింది.

కాని ఇటువంటి ప్రతిపాదనలు ఒక్క ఓటమితో అంతరించవు. సింహద్వారం మూసివేస్తే దొడ్డిదారిన వస్తాయి. అదే లూసియానాలో 2024 నవంబరు ప్రత్యేక సమావేశాలలో ఆదాయపు పన్నును అందరికీ ఒకే 3 శాతం రేటుగా మార్చి, 4.45 శాతం ఉన్న అమ్మకం పన్నును 5 శాతానికి పెంచారు. 2025 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. పదకొండు సంవత్సరాల క్రితం ఒక్క అంగలో సాధించలేకపోయిన దానిని ఇప్పుడు చిన్న అడుగులతో మొదలుపెట్టారన్న మాట.

కాన్సాస్ రాష్ట్రపు కథ మరింత గుణపాఠం. 2012లో గవర్నరు శామ్ బ్రౌన్‌బ్యాక్ ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 6.45 నుండి 4.9 శాతానికి తగ్గించారు. యజమాని పేరున నేరుగా లెక్కకు వచ్చే వ్యాపార లాభాలపై రాష్ట్రపు పన్నును పూర్తిగా తొలగించారు. పన్ను తగ్గితే వ్యాపారం పెరుగుతుంది, ఖజానా తనంత తానే నిండుతుంది అన్నారు. ఖజానా నిండలేదు. 2013లో 5.7 శాతానికి తగ్గవలసిన అమ్మకం పన్నును 6.15 శాతం వద్ద నిలిపారు; 2015లో 6.5 శాతానికి పెంచారు. బియ్యం, రొట్టె, పాలు వంటి తిండి సరుకులకు కూడా అదే రేటు. రోడ్ల కొరకు ఉద్దేశించిన నిధులను ఇతర ఖర్చులకు మళ్ళించారు. 2015లో కొన్ని చోట్ల డబ్బు చాలక బడులను గడువుకు ముందే మూసివేశారు. చివరకు 2017 జూన్‌లో గవర్నరు స్వంత పార్టీ మెజారిటీలో ఉన్న శాసనసభయే ఆయన వీటోను త్రోసిపుచ్చి, ఆ రాయితీలలో ప్రధానమైన వాటిని రద్దు చేసింది.

టెన్నెసీ రాష్ట్రంలో జీతాలపై పన్ను లేదు. వడ్డీలపైన, డివిడెండ్లపైన మాత్రం ఒక పన్ను ఉండేది. దానిని క్రమంగా తగ్గిస్తూ వచ్చి 2021 నాటికి పూర్తిగా తీసివేశారు. అప్పుడు కూడా అక్కడ తిండి సరుకులపై 4 శాతం, ఇతర సరుకులపై 7 శాతం రాష్ట్ర అమ్మకం పన్ను ఉన్నది. స్థానిక పన్ను దానికి అదనం. వాటాదారుకు పన్ను లేదు, రొట్టె కొనుక్కునేవానికి పన్ను ఉన్నది. ఇంతకంటె స్పష్టంగా ఈ విధానం స్వరూపాన్ని ఎవరు చెప్పగలరు?

లెక్క వేసి చూద్దాం

విషయం తేటపడటానికి ఒక ఊహా లెక్క వేద్దాం. ఆదాయపు పన్ను రద్దు చేసి, దుకాణంలో కొనే ప్రతి సరుకుపైన అదనంగా 10 శాతం పన్ను వేశారనుకొందాం.

స్టేషను ప్లాట్‌ఫారం ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి నెలకు 15,000 రూపాయలు వస్తే, అద్దె పోగా 12,000 రూపాయలు సరుకులకే ఖర్చవుతాయి. ఆమెపై పడే అదనపు పన్ను 1,200 రూపాయలు, అంటే ఆదాయంలో 8 శాతం. 90,000 రూపాయలు తెచ్చుకునే సీనియర్ ఉద్యోగి 45,000 రూపాయల సరుకులు కొంటే పన్ను 4,500 రూపాయలు, అంటే 5 శాతం. నెలకు 20 లక్షలు సంపాదించే పారిశ్రామికవేత్త 3 లక్షలు ఖర్చు చేస్తే 30,000 రూపాయలు, అంటే ఒకటిన్నర శాతం. మిగిలిన 17 లక్షలు భూములలోకి, షేర్లలోకి పోతాయి. అమ్మకం పన్ను వాటి జోలికి పోదు.

ఇందులో గమనించవలసిన కీలకమైన విషయం ఇది. ఆ కార్మికురాలు నేడు ఆదాయపు పన్ను పరిధిలోనే లేదు. కనుక ఆ పన్ను రద్దయితే ఆమెకు మిగిలేది ఒక్క పైసా కూడా లేదు. అదనంగా పోయేది మాత్రం నెలకు 1,200 రూపాయలు. గ్రామీణ డాక్ సేవకుని పరిస్థితి, చిన్న పింఛనుతో బ్రతికే మన మాజీ సోదరుల పరిస్థితి కూడా ఇదే.

మన అనుభవం

ఇది మనకు క్రొత్త పాఠం కాదు. ఉప్పుపై పన్ను కూలివానికి, జమీందారుకు ఒకే విధంగా పడేది. 1930లో గాంధీజీ దండి యాత్రకు ఉప్పునే ఎంచుకొనుటలోని అంతరార్థం అదియే.

మన తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1939లో, రాజాజీ ప్రభుత్వం దేశంలో మొట్టమొదటి సాధారణ అమ్మకం పన్ను చట్టాన్ని తెచ్చింది. మద్యనిషేధం వలన పోయిన ఎక్సయిజు రాబడిని పూడ్చుకొనుటకు అన్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాలక్రమంలో మద్యనిషేధం పోయింది, సారా రాబడి తిరిగి వచ్చింది. అమ్మకం పన్ను మాత్రం పోలేదు. ఒక పన్నుకు బదులుగా వచ్చిన పన్ను, ఆ బదులు అవసరం తీరిన తరువాత కూడా నిలిచిపోతుందనుటకు ఇంతకంటె మంచి నిదర్శనం అక్కరలేదు.

గత నలభై సంవత్సరాల చరిత్రను కూడా ఒక వరుసలో పెట్టి చూడండి. 1985లో వారసత్వ ఆస్తిపై ఎస్టేటు సుంకం రద్దయింది. 2015 బడ్జెటులో సంపద పన్ను రద్దయింది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను మూల రేటును, ఇతర రాయితీలు వదులుకున్న వాటికి, 30 నుండి 22 శాతానికి తగ్గించారు. దీనివలన ఏటా 1.45 లక్షల కోట్ల రాబడి తగ్గుతుందని ప్రభుత్వమే చెప్పింది. 2022 జూలై 18 నుండి సంచిలో కట్టి పేరు ముద్రించిన బియ్యంపై, గోధుమ పిండిపై, పెరుగుపై 5 శాతం పన్ను వేశారు. 2025 బడ్జెటులో 12 లక్షల వరకు ఆదాయపు పన్ను లేకుండా చేసినందుకు, అదే సంవత్సరం సెప్టెంబరు 22 నుండి సబ్బు, తలనూనె వంటి వాటిపై జి.ఎస్.టి.ని 18 నుండి 5 శాతానికి తగ్గించినందుకు మేము సంతోషించాము. కాని సంపదపై పన్నులు ఒక్కటొక్కటిగా తొలగిపోయిన దారి నుండి మన దృష్టి మరలరాదు.

సభ్యుల సందేహాలు

ఆదాయపు పన్ను ఎగవేసేవాడు సరుకు కొన్నప్పుడైనా పన్ను కట్టక తప్పదు గదా అని కొందరంటారు. బిల్లు కావాలంటే ఒక ధర, వద్దంటే ఒక ధర అని దుకాణదారు అడగని ఊరు మన దేశంలో ఉన్నదా? ఎగవేతకు అలవాటు పడినవాడు రెండు చోట్లా ఎగవేస్తాడు. ఎగవేతకు మందు వసూలును కట్టుదిట్టం చేయుట. పన్నునే ఎత్తివేయుట కాదు.

పేదలకు కొంత సొమ్ము తిరిగి ఇస్తే సరిపోదా అని మరికొందరంటారు. పన్ను చట్టంలో ఉంటుంది. తిరిగి ఇచ్చే సొమ్ము ఏటేటా బడ్జెటు దయపై ఉంటుంది. మొదట కోతపడేది ఏదో మనకు తెలియనిది కాదు.

ధరలు పెరిగితే కరువు భత్యం పెరుగుతుంది గదా అనే వాదన అన్నిటికంటె ప్రమాదకరమైనది. ధర పెరిగేది నేడు. కరువు భత్యం లెక్క జనవరికి, జూలైకి. పైగా అది కూడా ప్రభుత్వం చేతిలోనిదే. 2020 జనవరి, 2020 జూలై, 2021 జనవరి వాయిదాలు మూడింటిని స్తంభింపజేసి, పద్దెనిమిది నెలల బకాయిని మనకు గాని, పింఛనుదారులకు గాని చెల్లించని సంగతి మరచిపోగలమా? సరే, మనకు వస్తుందనే అనుకొందాం. మన ప్రక్కనే పనిచేసే కాంట్రాక్టు కార్మికునికి ఈ భత్యం లేదు. మన కోత తగ్గించుకొనుటకు అతని పళ్ళెంలో చేయి పెట్టుట కార్మిక సంఘం చేయదగిన పనియేనా?

ఒక చేదు నిజాన్ని దాచదలచుకోలేదు. ఇటువంటి మార్పు వలన పర్మినెంటు ఉద్యోగులలో పైస్థాయిలోని కొందరికి నెలకు కొంత సొమ్ము మిగలవచ్చును. అయినప్పటికీ వారు కూడా ఆలోచించవలసినది ఒకటున్నది. తపాలా శాఖ లోటును పూడ్చేది, క్రొత్త రైలు మార్గాలకు పెట్టుబడి ఇచ్చేది కేంద్ర సాధారణ బడ్జెటే. కాన్సాస్‌లో ఖజానా తరిగినప్పుడు బడులు, రోడ్లు దెబ్బతిన్నవి. ఇక్కడ ఖజానా తరిగితే మొదటి వేటు ఖాళీ పోస్టుల భర్తీపై, బ్రాంచి పోస్టాఫీసులపై, ట్రాక్ నిర్వహణపై పడదని ఎవరు హామీ ఇవ్వగలరు? పన్నులో మిగిలినది మన బిడ్డ ఉద్యోగంలో పోతుంది.

మన కర్తవ్యం

కనుక మన నినాదం ఆదాయపు పన్ను రద్దు కాదు. న్యాయమైన ఆదాయపు పన్ను. ధరలు పెరిగినప్పుడు మినహాయింపు పరిమితి కూడా పెరగాలి. తిండి సరుకులు, మందులు, పిల్లల పుస్తకాలు అమ్మకం పన్ను నుండి పూర్తిగా బయట ఉండాలి. పెద్ద సంపదపై, వారసత్వంపై పన్నును పునరుద్ధరించాలి. మన జీతం నుండి పన్ను రాబట్టుటలో చూపే శ్రద్ధను పెద్ద ఎగవేతదారులపై కూడా చూపాలి.

ఈ విషయాన్ని రానున్న సమావేశాలలో ప్రతి బ్రాంచి చర్చకు పెట్టవలెనని, ఆ చర్చకు కాంట్రాక్టు కార్మికులను, గ్రామీణ డాక్ సేవకులను, పింఛనుదారులను తప్పక పిలువవలెనని కోరుతున్నాము. పే స్లిప్పులోని కోత కంటికి కనబడుతుంది గనుక దానిపై కోపం వస్తుంది. కిరాణా కొట్టులోని కోత కనబడదు. కనబడని కోతను కనబడేటట్లు చేయుటయే నేడు సంఘం పని.