మత్తుమందు: మనుష్యప్రాణము

ఊపిరి సన్నగిల్లుచున్న రోగి శ్వాసనాళములో వైద్యుడు గొట్టము దింపవలసివచ్చు ఘడియకంటె విషమమైనది వైద్యశాలలో మఱియొకటి కానరాదు. క్షణములలో రెండు మందులీయవలెను. మొదటిది స్పృహ తప్పించును. రెండవది కండరములను సడలించును. ఆ మొదటి మందే రోగి ప్రాణమునకు ముప్పు తెచ్చునా యను శంక నలువది యేండ్లకు పైగా వైద్యలోకమును వేధించుచున్నది. ఇది పండితుల తగవు, మనకేల యని పాఠకులు తలపవచ్చును. ఆ మంచముపై పరుండువాడు రేపు మన యింటివాడే కావచ్చునని మనవి చేయుచున్నాము.

ఈ భయము వట్టిది కాదు. 29 దేశములలో 2,964 మంది రోగులను గమనించి 2021లో ప్రకటించిన లెక్కనుబట్టి, ఇట్లు గొట్టము వేయబడినవారిలో నూటికి 45 మందికి ఏదో యొక పెద్ద యుపద్రవము సంభవించినది. అందు హెచ్చుభాగము రక్తప్రసరణము క్రుంగుటయే. నూటికి మువ్వురికి గుండెయే ఆగినది. కారణము కష్టపడి వెదుకనక్కఱలేదు. మరణముతో పెనగులాడుచున్న దేహము తన శక్తినంతయు కూడగట్టుకొని రక్తపుపోటును నిలుపుకొనుచుండును. మత్తు తగిలినతోడనే ఆ పట్టు సడలును. పిదప యంత్రము రొమ్ములోనికి గాలి నెట్టుటచే గుండెకు తిరిగివచ్చు రక్తము తగ్గును. ఆ పరిశీలనలో అందఱికంటె నెక్కువగా వాడబడిన ప్రొపోఫాలునకే ఈ క్రుంగుబాటుతో సంబంధము కనబడినది.

పోటును అంతగా తగ్గించని మందని పేరు గన్నది ఎటోమిడేట్. కాని 1983లో గ్లాస్గో వైద్యులగు లెడింగ్‌హామ్, వాట్ అను వారు లాన్సెట్ పత్రికలో గగుర్పాటు గలిగించు వార్త ప్రకటించిరి. తీవ్రముగా గాయపడినవారికి దినములతరబడి ఈ మందును ధారగా నిచ్చుట మొదలిడిన పిదప మరణములు హెచ్చినవట. మూత్రపిండములపైనుండు ఎడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అను రసమును తయారుచేయకుండ ఈ మందు అడ్డగించునని పిదప తేలినది. ధారగా నిచ్చుట మానిరి. కాని ఒక్క మోతాదైనను ఆ గ్రంథులను కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు దినమంతయు, నిద్రపుచ్చును. మఱి ఆ యొక్క మోతాదు మనుష్యుని చంపునా?

దీనికి ప్రతిగా కెటమిన్‌ను ముందునకు తెచ్చిరి. 2009లో ఫ్రాన్సు దేశమున రెంటిని పోల్చిచూడగా గ్రంథుల నీరసము ఎటోమిడేట్ పక్షముననే హెచ్చుగా నున్నను, రోగుల దురవస్థలో చెప్పదగిన భేదము కానరాలేదు. 2022లో డల్లాసునుండి వెలువడిన పరిశోధనలో 801 మందిని చూడగా, ఏడవనాటికి కెటమిన్ పుచ్చుకొన్నవారిలో నూటికి 85 మందియు, రెండవ పక్షమున 77 మందియు జీవించియుండిరి. ఇరువదియెనిమిదవ నాటికి ఆ భేదము ఇంచుమించుగా మాసిపోయినది. తుదకు 2025లో అమెరికాలో 2,365 మందికి చీట్లు వేసినట్లు మందు పంచి చూచిరి. ఇరువదియెనిమిది దినములలో మరణించినవారు కెటమిన్ పక్షమున నూటికి 28.1, ఎటోమిడేట్ పక్షమున 29.1. ఇది భేదమనిపించుకొనదు. గుండెకు బలమిచ్చునని పొగడబడిన కెటమిన్ పుచ్చుకొన్నవారిలోనే రక్తప్రసరణము క్రుంగినవారు నూటికి 22 మంది; రెండవవారిలో 17 మంది. నలువది యేండ్లు ఇరుపక్షములవారును పలికిన ధీమాకు ఇది తగిన జవాబు.

ఇట్టి ధీమాకు మన గడ్డపైననే ఒక పూర్వకథ కలదు. 1888లోను 1889లోను నిజాము ప్రభుత్వ ధనసాహాయ్యముతో హైదరాబాదులో క్లోరోఫారము సంఘములు కూర్చుండెను. రెసిడెన్సీ సర్జనైన ఎడ్వర్డ్ లారీ వాని సూత్రధారి. రెండవ సంఘమునకు లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. జంతువులపై పరీక్షలు సలిపి, ఊపిరిని కనిపెట్టుకొనియున్న చాలును, క్లోరోఫారము గుండెను నేరుగా చంపదని తీర్మానించిరి. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై పరీక్షలు చేసి, పలుచని మత్తులోనే గుండె లయదప్పి హఠాత్తుగా ఆగగలదని నిరూపించెను. మన నగరము పేర వెలసిన తీర్మానము తప్పుదారి పట్టినదని చెప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. పరీక్ష మన యూరనే జరిగినదను గర్వము మాత్రము విడువజాలము.

మందు పేరుకొఱకు తగవులాడుటకంటె ముందుజాగ్రత్త ముఖ్యమని మా యభిప్రాయము. 1,301 మందిని చూచి 2024లో ప్రకటించిన పరిశోధనలో, సామాన్యమైన మాస్కుతో ప్రాణవాయువు నిచ్చినపుడు నూటికి 18 మందికి పైగా రక్తమున ఆ వాయువు ప్రమాదముగా తగ్గినది. మొగమునకు బిగియించి ఒత్తిడితో నిచ్చినపుడు అది 9 మందికే సంభవించినది. మత్తుమందులలో ఏ యొక్కటియు ఇంతటి మేలు చూపలేదు.

ఇక మన సంగతి. 2013లో భారత ప్రభుత్వము కెటమిన్‌ను షెడ్యూలు ఎక్స్‌లో చేర్చినది. దుర్వినియోగము నరికట్టుట న్యాయమే. ఆ కట్టుబాటును మేము నిందింపము. కాని అర్ధరాత్రమున తాలూకా ఆసుపత్రిలో బీరువా తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో విచారించువఱకు రోగి ఊపిరి ఆగియుండునా? అధికారులు ఆలోచింపవలెను.

మఱియొకటి. డల్లాసు రోగి వేఱు, మన రోగి వేఱు. పురుగులమందు త్రాగిన రైతుకూలీయు, కట్లపాము కఱచి ఊపిరి స్తంభించిన పల్లెవాసియు మన వార్డులకే వత్తురు. పురుగులమందు త్రాగినవానికి సక్సినైల్‌కోలిన్ అను కండరముల మందిచ్చిన, నిమిషములలో తీరవలసిన దాని ప్రభావము గంటలకొలది నిలువవచ్చును. ఇట్టివారికి ఏ మత్తు ఎంత మోతాదున మేలో పరదేశపు పట్టికలు చెప్పవు. గొట్టము వేయుటకు ముందు రక్తపుపోటెంత, ఇచ్చిన మందేది, మోతాదెంత, పదినిమిషముల పిదప పోటెంత: ఈ నాలుగు గడుల పుస్తకము నుంచుటకు పెద్ద వ్యయము పట్టదు. ఉస్మానియా, గాంధీ, విశాఖ, గుంటూరు, కర్నూలు వైద్యశాలల పెద్దలు దీనిని ఈ యేడే ఆరంభించి, ఫలితములను తెలుగున కూడ ప్రకటింపవలెనని కోరుచున్నాము.