మాట వెనుక మనిషి: 'దెసపరెసీదో'

ఈ నెల మేము ఎన్నుకొన్న మాట స్పానిష్ భాషలోనిది: 'దెసపరెసీదో'. ఆ భాషలో 'అపరెసేర్' అంటే కనబడుట. దాని ముందు 'దెస్' చేర్చితే కనబడకుండా పోవుట. ఆ క్రియ నుండి పుట్టిన విశేషణమే 'దెసపరెసీదో', అనగా 'కనబడకుండా పోయిన'. స్త్రీని గూర్చి అయితే 'దెసపరెసీదా' అంటారు, పలువురైతే 'దెసపరెసీదోస్'. దీని మూలము లాటిన్ భాషలో ఉన్నది. పోయిన పుస్తకమునకైనా, మరుగైన ఆచారమునకైనా ఈ మాట చెల్లుతుంది.

అయితే దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాలో ఈ మాట తల్లుల కన్నీటితో తడిసింది. 1976 మార్చిలో అక్కడ సైన్యము అధికారమును చేజిక్కించుకొని 1983 వరకు పాలించింది. ఆ కాలములో విద్యార్థులను, కార్మికులను, గర్భిణీ స్త్రీలను సైతము పట్టుకొనిపోయారు. కేసు లేదు, కోర్టు లేదు. అనేకుల శవమైనా ఇంటికి రాలేదు. తల్లిదండ్రులు ఠాణాల చుట్టూ తిరిగితే తమకేమీ తెలియదన్నారు. అలా పోయినవారికి 'దెసపరెసీదో' అన్నదే పేరైపోయింది. 1984లో ప్రభుత్వ విచారణ సంఘము 8,960 మందిని లెక్కించింది. మానవ హక్కుల సంఘములు 30,000 మంది అంటాయి.

ఈ మాటలోని లోపమును గమనించండి. తప్పిపోయిన కుమారుని ఉపమానములో చిన్నవాడు తన ఇష్టప్రకారమే ఇల్లు విడిచాడు. ఈ బిడ్డలు అలా పోలేదు. 'కనబడకుండా పోయినవాడు' అంటే తానే పోయినట్లుంటుంది. తీసికొనిపోయిన చేయి కనబడదు. అందుకే అక్కడి జనులు వ్యాకరణమును ప్రక్కకు నెట్టి, 'లో దెసపరెసియెరోన్' అనసాగారు. అనగా 'వాడిని కనబడకుండా చేశారు'.

1977 ఏప్రిల్ 30న 14 మంది స్త్రీలు రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో, ప్రభుత్వ భవనము ఎదుటనున్న ప్లాసా దె మాయో అనే మైదానములో కూడుకొన్నారు. గుంపుగా నిలువరాదని పోలీసులు గద్దించగా నడువసాగారు. తరువాత తలకు తెల్లని గుడ్డ కట్టుకొని ప్రతి గురువారము నడిచారు. వారిని నడిపించిన అసుసేనా విల్యాఫ్లోర్ అనే తల్లిని ఆ డిసెంబరులో పట్టుకొనిపోయారు. ఆమె ఎముకలను 2005లో గాని గుర్తించలేదు. అయినను మిగిలిన తల్లులు నడక మానలేదు.

2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన ఒడంబడికలో ఈ నేరమునకు 'బలవంతపు అదృశ్యము' అని పేరు. ఎవరో చేశారన్న సంగతి ఆ పేరులోనే ఉన్నది.

మన ఊళ్లలోను 'పొలము పోయింది', 'కూలి డబ్బు పోయింది', 'పిల్ల చదువు ఆగిపోయింది' అంటూ ఉంటాము. అటువంటి మాట చెవిని పడినప్పుడు ఊరకుండక, ఎవరు తీసికొన్నారు, ఎవరు ఆపారు అని అడుగుదము.